అరకు ఘాట్ దిగొచ్చిన కారవాన్: కదిలిపోయిన హౌస్ బ్యాటరీల కేసు

పదమూడు సీట్ల డీజిల్ వ్యానుగా పుట్టి, తర్వాత లోపలంతా మార్పించుకుని నలుగురు పడుకునే కారవాన్ అయిన బండి ఇది. విశాఖ గాజువాక ఆటోనగర్‌లోని షెడ్డుకు వచ్చేటప్పటికి ఫిర్యాదు రెండే ముక్కలు: "అరకు నుంచి దిగుతుంటే మలుపు తిరిగినప్పుడల్లా లోపలి లైట్లు ఆరి వెలుగుతున్నాయండి. ఏదో పుల్లటి వాసన కూడా వస్తోంది." యజమాని అనుమానమంతా ఇన్వర్టర్ మీద. ఇన్వర్టర్‌లో ఏ లోపమూ లేదు.

డ్రైవరు వెనక అడ్డంగా ఉన్న బెంచీ సీటు పైకెత్తితే 12 మి.మీ. కమర్షియల్ ప్లైవుడ్‌తో చేసిన పెట్టె కనిపించింది. అందులో రెండు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) టాల్ ట్యూబులర్ బ్యాటరీలు. లోపలి లైట్లకూ ఇన్వర్టర్‌కూ కరెంటిచ్చే హౌస్ బ్యాటరీలు ఇవే, ఇళ్లలో ఇన్వర్టర్ కింద పెట్టుకునే రకమే. యాసిడ్‌తో కలిపి రెండూ కలిసి 115 కిలోలు. ఎత్తు 41 సెంటీమీటర్లు, వెడల్పు 19. పొడుగు వైపు బండికి అడ్డంగా వచ్చేలా ఒకే వరసలో పెట్టారు. అంటే బ్రేకు వేసినప్పుడు తూలిపడే దిక్కుకు సరిగ్గా సన్నటి వైపు పెట్టారన్నమాట. బ్యాటరీల మీదుగా రెండు రాచెట్ బెల్టులు, పెట్టె అడుగున ముందు నాలుగు, వెనక నాలుగు ఒకటిన్నర అంగుళం మర స్క్రూలు. పైనుంచి చూస్తే పని శుభ్రంగానే ఉంది.

నేల మీద వినైల్ షీటును తుడవకుండా చూడాలి. తుడిస్తే సాక్ష్యం పోతుంది. పెట్టె వెనక 35 మి.మీ. వెడల్పున దుమ్ము లేని మెరుపు గీత కనిపించింది. పెట్టె మొదట అక్కడిదాకా ఉండేది, అంత మేర ముందుకు జరిగింది. వెనక వరస నాలుగు స్క్రూలలో రెండు పూర్తిగా పైకి లేచిపోయాయి, మిగతా రెంటి చుట్టూ చిటికెనవేలు పట్టేంత బొక్కలు పడి ప్లైవుడ్ పొట్టు రాలింది. ముందు వరసవి వంగాయి కానీ ఊడలేదు. పెట్టె ముందుకు తూలి వెనక అంచు లేస్తేనే ఇలా జరుగుతుంది.

బెల్టులు తెగలేదు, సాగనూ లేదు. కానీ బెల్టు కట్టినది బ్యాటరీని పెట్టెకు మాత్రమే. పెట్టెను నేల ప్లైవుడ్‌కు పట్టుకున్నవి స్క్రూలు. నేల ప్లైవుడ్‌ను బండి రేకుకు పట్టుకున్నవి బంక, అక్కడక్కడా కొన్ని రివెట్లు. స్క్రూ పొడవు 38 మి.మీ. ఉన్నా పెట్టె అడుగు 12 మి.మీ. దాటాక అది కొరికిన కలప ఇంకో 12 మి.మీ. మాత్రమే. మిగతా మొన రేకు పైనున్న ఖాళీలో గాలిలో వేలాడుతోంది. 115 కిలోల బరువు నుంచి ఛాసిస్ దాకా వెళ్లాల్సిన పట్టు దారిలోనే ప్లైవుడ్ దగ్గర ఆగిపోయింది.

లైట్లు ఎందుకు ఆరి వెలిగాయో తర్వాత తేలింది. 70 చదరపు మి.మీ. కేబుల్‌ను ఎక్కడా క్లిప్పు వేయకుండా నేరుగా టెర్మినల్ మీదికి దింపారు. కేబుల్ బరువంతా సీసపు పోస్టు మీదే పడింది. బండి ఊగినప్పుడల్లా కేబుల్ చివరి లగ్గు కొద్దికొద్దిగా తిరిగి, పోస్టు చుట్టూ బూడిదరంగు సీసపు పొడి ఉంగరంలా పేరుకుంది. చేత్తో కదిపితే కదులుతోంది. మలుపులో బ్యాటరీ ఒరిగినప్పుడు ఆ పట్టు వదులై, సరిచేసుకున్నప్పుడు మళ్లీ అతుక్కుంది.

దానికన్నా భయపెట్టింది బెంచీ ఇనుప కాలు. ప్లస్ లగ్గు ఎత్తులోనే దాని మీద పెయింటు ఊడి, ఆవగింజంత కరిగిన ఇనుప బొట్టు అంటుకుని ఉంది. పెట్టె ముందుకు జరిగాక లగ్గు ఆ కాలికి కనీసం ఒకసారైనా తగిలింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. ఉన్న ఒక్క 200 ఆంపియర్ల ఫ్యూజు రెండున్నర మీటర్ల అవతల, ఇన్వర్టర్ పక్కన ఉంది. ఫ్యూజు తనకు ఇవతల, బ్యాటరీ వైపు జరిగే షార్టును చూడనే చూడదు. లగ్గు తగిలి వెంటనే వదిలింది కాబట్టి సరిపోయింది. అక్కడే అతుక్కుని ఉంటే పైనున్న సీటు ఫోము అంటుకునేది.

పుల్లటి వాసన యాసిడ్‌ది. ఫ్లోటు ఉన్న వెంట్ ప్లగ్గుల నుంచి మలుపుల్లో చిమ్మి, పెట్టె అడుగున చేరి, స్క్రూ బొక్కల గుండా రేకు మీదికి దిగింది. ప్లైవుడ్ లేపి చూస్తే రేకు గాడిలో రెండడుగుల మేర పెయింటు పొక్కులు. వంటసోడా నీళ్లు పోస్తూ నురగ రావడం ఆగేదాకా కడగాలి. నురగ ఆగకముందే పెయింటు వేస్తే ఆరు నెలల్లో మళ్లీ పొక్కుతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి అని వేరే చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నాం.

ఇక లెక్క. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి మందగమనం 0.8 జి దాకా పోతుంది, అంటే ప్రతి వస్తువూ తన బరువులో 80 శాతంతో ముందుకు తోస్తుంది. 115 కిలోలకు అది 92 కిలోల తోపు. గరిమనాభి నేలకు 20 సెం.మీ. ఎత్తున ఉంది కాబట్టి తూల్చే బలం 18.4 కిలోగ్రామ్-మీటర్లు. పెట్టె 22 సెం.మీ. వెడల్పు. బ్యాటరీల సొంత బరువు దాన్ని వెనక్కి పట్టి ఉంచే బలం 12.65. తేడాను 0.22తో భాగిస్తే వెనక స్క్రూల వరస మీద పడే లాగుడు 26 కిలోలే. ఇది స్క్రూలు తట్టుకుంటాయి. కానీ బ్రేకు వేస్తుండగా చక్రం గోతిలోకి దిగితే, ఆ క్షణం బ్యాటరీల బరువు దాదాపు సున్నా అవుతుంది. అప్పుడు లాగుడు 84 కిలోలు. అనంతగిరి ఘాట్‌లో దిగేటప్పుడు వందలసార్లు ఇలా జరుగుతుంది. ఒక్క దెబ్బకు ఊడలేదు, వదులై వదులై ఊడాయి.

ప్రమాదం సంగతి వేరు. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు ఐక్యరాజ్యసమితి 100వ నిబంధన పెట్టిన షాక్ పరీక్ష ఎం1 తరగతికి ముందువెనకల దిక్కున 20 జి, పక్కలకు 8 జి. మన హౌస్ బ్యాటరీలకు ఆ నిబంధన వర్తించదు. కానీ మనుషులు పక్కనే పడుకునే బండిలో దానికన్నా తక్కువ కొలబద్ద పట్టుకోవడానికి కారణం కనిపించదు. డ్రైవరు కాక ఎనిమిది సీట్లు మించకపోతే ఎం1 కిందే లెక్క కాబట్టి 20 జి తీసుకున్నాం. ఈ ట్యూబులర్ల మీద ఆ లెక్క వేస్తే ముందుకు 2300 కిలోల తోపు, వెనక అంచు దగ్గర రెండు టన్నులకు పైగా లాగుడు. బోల్టులతో దాన్ని ఆపలేమని కాదు. 10 మి.మీ. వ్యాసం ఉన్న ఎం10 సైజు, 8.8 గ్రేడు బోల్టు ఒక్కటే మూడు టన్నుల పైచిలుకు తట్టుకుంటుంది. దాని తల కింద ఉన్న ఒక మి.మీ. రేకు మాత్రం కాగితంలా చిరుగుతుంది.

యజమాని మొదటి మాట, "ఇదే బ్యాటరీలను ఇనుప ఫ్రేములో పెట్టేయండి, చాలు." అలా చేయలేదు. టాల్ ట్యూబులర్ ఇంట్లో ఒక మూల కదలకుండా ఉండే పనికి చేసినది. ఇలాంటి వాటి ప్రమాణం ఐఎస్ 13369 పేరులోనే స్థిర బ్యాటరీ అని ఉంది. ఎంత గట్టిగా బిగించినా లోపలి పొడుగాటి పలకలు, పైనున్న యాసిడ్ ఊగుతూనే ఉంటాయి. ఫ్రేము వేయడానికి అయ్యే ఖర్చు వీటి మీద పెట్టడం దండగ. వాటి బదులు 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు తీసుకున్నారు. ఒక్కోటి 12 కిలోల లోపు, కొలత 330 × 173 × 215 మి.మీ. ట్యూబులర్‌లో సగమే వాడుకోవాలి కాబట్టి 300 ఏహెచ్‌లో చేతికొచ్చేది 150. లిథియంలో 80 శాతం వాడితే 160. తూకం మాత్రం 115 నుంచి 24కు పడింది. పాతవాటిలో ఒకటి ఇంటి ఇన్వర్టర్‌కు పోయింది, పోస్టు వదులైనది మార్పిడి కింద పోయింది.

తేలిక అయింది కదా అని బిగింపు తగ్గించుకునే ఆలోచన చాలామందికి వస్తుంది. బ్యాటరీలు 24 కిలోలు, వాటిని పెట్టే ఇనుప ట్రే 7 కిలోలు కలిపి 31. ఇరవైతో హెచ్చిస్తే 620 కిలోలు. వీపు వెనక నుంచి 620 కిలోలతో దూసుకొచ్చే వస్తువును తేలిక అనకూడదు.

ట్రేకు వాడినది 40 × 40 × 5 ఎంఎస్ (మైల్డ్ స్టీల్) యాంగిల్, 1.4 మీటర్లు, సుమారు 4.2 కిలోలు. లోపలి కొలత 336 × 355 మి.మీ. బ్యాటరీల పొడుగు ఈసారి బండి పొడుగు దిక్కుకే. రెండు బ్యాటరీల వెడల్పు 346, అటూ ఇటూ మధ్యలో 3 మి.మీ. ఈపీడీఎం రబ్బరు పట్టీలు కలిపితే 355. ముందువెనకల కూడా అదే రబ్బరు. ఖాళీ వదిలితే బ్యాటరీ లోపల సుత్తిలా కొట్టుకుంటుంది, కాబట్టి బిగువుగా దిగాలి. అడుగున 40 × 5 పట్టీలు రెండు. ముందు రెండు, వెనక రెండు చెవులు, 50 × 6 పట్టీ ముక్కలు, బయటికి వచ్చేలా వెల్డింగ్. యాంగిల్ అడుగు రెక్క బ్యాటరీ కిందికి పోతుంది కాబట్టి బోల్టులను అక్కడ వేస్తే రీటైట్ చేయాలన్నప్పుడల్లా బ్యాటరీలు తీయాలి. చెవులు బయట ఉంటే స్పానరు నేరుగా అందుతుంది. ముందు బోల్టుకూ వెనక బోల్టుకూ దూరం 40 సెం.మీ. వచ్చింది. అప్పుడు వెనక రెండు బోల్టుల మీద కలిపి పైకి లాగుడు 155 కిలోలు, నాలుగింటిలో ఒక్కో బోల్టును అడ్డంగా కోసే బలం 155 కిలోలు. ఎం8 కూడా సరిపోయేదే. ఎం10 వేయడానికి కారణం బలం కాదు, ఉప్పుగాలి తినేసేంత మందం ఉండాలని.

నేల కింద ఒక్కో జత బోల్టులకు 50 × 6 పట్టీ, 480 మి.మీ. పొడవు, రేకు కిందున్న రెండు అడ్డపట్టీల మీదుగా ఆనేలా పెట్టాం. పెద్ద వాషరు చాలదా అంటారు. వాషరు రేకును పట్టుకుంటుంది, పట్టీ అడ్డపట్టీలను పట్టుకుంటుంది. ఛాసిస్ కమ్మీకి మాత్రం డ్రిల్లు గానీ వెల్డింగు గానీ తగలకూడదు. ఆ రంధ్రం దగ్గరే కొన్నేళ్లకు పగులు మొదలవుతుంది. డ్రిల్లు పెట్టే ముందు బండి కిందికి దూరి డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైరింగు ఎక్కడున్నాయో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. మొదట 3 మి.మీ. రంధ్రం, కింద నుంచి చూసి సరే అనుకున్నాకే 10.5 మి.మీ.

ఇక్కడే పని ఒకసారి తిరగబడింది. ప్లైవుడ్ మీద నేరుగా బోల్టు బిగిస్తే కలప నలుగుతూ పోతుంది, టార్కు నిలవదు. అందుకే ప్లైవుడ్ వరకు రంధ్రాన్ని 16 మి.మీ.కి పెంచి, అందులో ఇనుప గొట్టం ముక్క, లోపలి వ్యాసం 10.5, బయటిది 16 మి.మీ., స్లీవుగా దింపాలి. ప్లైవుడ్ 12, వినైల్ 2 కాబట్టి 14 మి.మీ. పొడవుకు కోశారు. బిగించారు, టార్కు రెంచి 45 న్యూటన్ మీటర్ల దగ్గర టిక్కుమంది. మర్నాడు పొద్దున చూస్తే 30 దగ్గరే నట్టు తిరుగుతోంది. వ్యాను నేల రేకు సమతలంగా ఉండదు, గాడులు గాడులుగా ఉంటుంది. ప్లైవుడ్ గాడి అంచుల మీద కూర్చుంటే కింద 10 మి.మీ. ఖాళీ. బోల్టు పడింది సరిగ్గా గాడి లోయలో. కాబట్టి స్లీవు కింద రేకు లేదు, గాలి ఉంది. ప్లైవుడ్ విల్లులా కిందికి వంగింది. స్లీవు 24 మి.మీ.కి కోసి మళ్లీ వేస్తే నిలిచింది. ఒక్కో రంధ్రం లోతు డెప్త్ గేజీతో కొలిచి స్లీవు కోయాలి. నాలుగింటికీ ఒకే పొడవు అనుకోవద్దు: ఈ బండిలోనే మూడు 24, ఒకటి 14.

బ్యాటరీల మూత మీద నుంచి క్లాంపుగా 25 × 5 పట్టీలు రెండు, ట్రేకు వెల్డు చేసిన ఎం8 మరల కడ్డీలు నాలుగు. పట్టీ మీద మొత్తం హీట్ ష్రింక్ స్లీవు, కడ్డీల మీద పీవీసీ గొట్టం, పట్టీ కింద 3 మి.మీ. రబ్బరు. టెర్మినల్ దగ్గర తొడుగు లేని ఇనుము ఒక్క అంగుళం కూడా కనిపించకూడదు. ఇక్కడ బలం చూపించొద్దు. రబ్బరు 3 నుంచి 2 మి.మీ.కి నలిగేదాకా బిగించి ఆపాలి. మూత లోపలికి వంగినట్టు కనిపిస్తే ఎక్కువైంది. లిథియం పెట్టెలో మూత కింద నేరుగా సెల్లులను కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ బోర్డు ఉండే మోడళ్లున్నాయి. పట్టీ మూత అంచుల మీద, గట్టి పక్కల మీద ఆనాలి, నడిమధ్యన కాదు.

ఫ్యూజు విషయంలో మార్కెట్‌లో దొరికే కారు ఆడియో ఫ్యూజులతో సరిపెట్టుకోవడం తరచూ జరిగే తప్పు. లిథియం బ్యాటరీ షార్టయితే కరెంటు వేల ఆంపియర్లలో పోతుంది. కారు ఆడియోలో వాడే ఏఎన్ఎల్ రకం తెంచగలిగేది 6 వేల దాకా. క్లాస్-టి రకం 20 వేలు. దాన్ని మించితే ఫ్యూజు తీగ కరిగినా ఆర్క్ ఆగదు. క్లాస్-టి ఇక్కడ అన్ని వేళలా దొరకదు. డాబాగార్డెన్స్ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు వాడొచ్చు, కానీ దాని ఒంటి మీద డీసీ వోల్టేజీ ముద్రించి ఉండాలి. ఏసీ అంకె మాత్రమే ఉంటే తీసుకోవద్దు. ఒక్కో బ్యాటరీ ప్లస్‌కు 15 సెం.మీ. లోపే 125 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 35 చదరపు మి.మీ. కేబుల్, కేబుళ్లన్నీ కలిసే బస్‌బార్‌కు, బస్‌బార్ నుంచి ఇన్వర్టర్‌కు 50. రెండు బ్యాటరీల కేబుళ్లూ ఒకే పొడవు, లేకపోతే దగ్గరది ఎక్కువ పనిచేసి ముందు అలసిపోతుంది. టెర్మినల్ నుంచి 15 సెం.మీ. లోపే ప్రతి కేబుల్‌కూ రబ్బరు క్లిప్పు. పాత పోస్టు వదులైంది ఆ ఒక్క క్లిప్పు లేకనే.

ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వచ్చే తీగ తీసేసి కరెంటును 30 ఆంపియర్లకు కట్టడి చేసే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాం. ఖాళీ లిథియం ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినదంతా లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఉన్నప్పుడు చల్లబరిచే ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వైండింగ్ కాలుతుంది.

స్టెయిన్‌లెస్ బోల్టులు ఎందుకు వేయలేదని ఈ బండి చూసిన ప్రతివాళ్లూ అడిగారు. బీచ్ రోడ్డు పక్క ఆరుబయట నిలిపే బండికి స్టెయిన్‌లెస్ మంచిదే అనిపిస్తుంది. కానీ స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నైలాక్ నట్టు సగం దారిలో పట్టేసి, అటూ రాదు ఇటూ పోదు. గ్రైండర్‌తో కోయాల్సిందే. యాంటీ సీజ్ గ్రీజు రాస్తే పట్టదు, అయితే గ్రీజు రాసిన మరకు టార్కు అంకె మారుతుంది, ఆ సంగతి రీటైట్ చేసే తర్వాతి మెకానిక్‌కు తెలియదు. జింకు పూసిన 8.8 బోల్టు వేసి, నేల కింద జింక్-రిచ్ ప్రైమరు, ఎపాక్సీ, రంధ్రం చుట్టూ పాలియురేతేన్ సీలెంటు, చివర మైనపు కోటింగు. రెండేళ్లకోసారి బోల్టులు మార్చుకోవడం చవక.

దొంగతనం భయానికి పెట్టెకు తాళం అడిగారు. మూతకు తాళం పెట్టే కొక్కెం (హాస్ప్) వేశాం, కానీ కరెంటు మొత్తం ఆపే ఐసొలేటర్ స్విచ్చి పెట్టె బయట, సీటు పక్కన, చేతికి అందేచోట ఉంది. పొగ వస్తున్నప్పుడు తాళంచెవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

బిగింపయ్యాక నాలుగు నట్ల మీదా, క్లాంపు నట్ల మీదా పసుపు పెయింటు గీత గీశాం, నట్టు మీద నుంచి పట్టీ దాకా. నట్టు తిరిగితే గీత విరుగుతుంది, టార్చి వేసి చూస్తే చాలు. మొదట పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు, తిరిగి అదే దారి. వచ్చాక చూస్తే నేల బోల్టుల గీతలు చెదరలేదు. క్లాంపు నట్లలో రెంటి కింద గీత జుట్టు వెడల్పున తప్పింది. రబ్బరు సర్దుకున్నందువల్ల అది మామూలే. పావు చుట్టు బిగించి కొత్త గీత గీశాం. టెర్మినల్ బోల్టులకు బ్యాటరీ మీద ముద్రించిన అంకె ప్రకారమే టార్కు చూశాం, తేడా రాలేదు.

రెండో ట్రిప్పు జనవరిలో లంబసింగికి. తెల్లవారుజామున ఛార్జింగ్ ఎక్కడం లేదని యజమాని ఫోను. అక్కడ చలి సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి. సున్నా కింద లిథియాన్ని ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్లు పాడవుతుంది, అందుకే బీఎంఎస్ ఛార్జింగ్ ఆపుతుంది. బీఎంఎస్ సెన్సరు కొలిచేది గది వేడి కాదు, సెల్లుల చల్లదనం. రాత్రంతా సీటు కింద ఇనుప ట్రేలో కూర్చుని బ్యాటరీలు నేల రేకు అంత చల్లబడ్డాయి. ఎండ వచ్చాక పది గంటలకు దానంతటదే ఎక్కింది. ఇందులో లోపం లేదు కానీ ట్రే అడుగున ఇనుముకూ బ్యాటరీకీ మధ్య రబ్బరు పెట్టడం ఈ బండిలో మరిచాం. పక్కలకూ పైనా మాత్రమే పెట్టాం. వచ్చే సర్వీసుకు 6 మి.మీ. రబ్బరు షీటు అడుగున వేయాలి. అప్పుడు బ్యాటరీలు ఆరు మి.మీ. పైకి లేస్తాయి కాబట్టి క్లాంపు కడ్డీల మీద మర ఇంకెంత మిగిలిందో ముందే కొలిచి పెట్టుకున్నాం: 11 మి.మీ.